అద్దాల దిగుడు

పిట్లం నుంచి బాన్సువాడ వచ్చే దారిలో ఒక దిగుడు ఉంది. కింద మోరి, అదే కల్వర్టు, దాని పక్కన తుమ్మ చెట్లు. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదని మా వైపు ఏ డ్రైవర్నడిగినా చెప్పేవాడు. అద్దాలు కుట్టిన ఓణీ కప్పుకున్న ఆడమనిషి రోడ్డు మీదికొచ్చి చెయ్యి ఊపుతుందట. ఆపితే ఎక్కి కూర్చుంటుందట... ఎక్కితే ఇక దిగదట. ఆమె మొహం చూసినవాళ్ళు మాత్రం లేరు. చూసేదాకా ఆగిన మగాడు లేడు మరి. మీసాలకేం, అందరికీ ఉండేవి.

ఈ సంగతి నాకు చెప్పింది మంజులత చిన్నమ్మ. పంతొమ్మిది వందల ఎనభై ప్రాంతంలో జరిగింది. ఆమె భర్త వెంకట్రాములు చిన్నాయన ఆ ఏడు ఒక పాత మిలిటరీ పికప్పు కొన్నాడు. అంతకుముందు అది ఆశన్న పటేల్‌ది. ఆ దిగుడు కిందనే దాని వెనక కట్టిన ట్రాలీ బోల్తాపడి, బస్తాల మీద కూర్చున్న చాంద్రి అనే తండా పిల్ల చచ్చిపోయింది. బండి నడిపింది ఆమె మొగుడు లోక్యానే. తర్వాత లోక్యా చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర వెళ్ళిపోయాడన్నారు. ఆ బండి జోలికి పోవద్దని చిన్నాయనకు ఊరంతా చెప్పింది. చవగ్గా వస్తే ఆయన దయ్యాన్ని కూడా కొనే రకం.

దానికి గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న లివరుండేది — ఓవర్‌డ్రైవ్. ఆఖరి గేరు మీద ఇంకో గేరు అన్నమాట. అది ముందుకు తోస్తే ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, పెట్రోలు మిగులుతుంది. ఖాళీ బండికి, చదును రోడ్డుకి మంచిదే. చిన్నాయన మాత్రం వెనక ట్రాలీ కట్టినా దాన్ని వెనక్కి లాగేవాడు కాదు.

ఆ రోజు పిట్లం నుంచి బాన్సువాడ మిల్లుకు వడ్లు తెస్తున్నారు. చిన్నమ్మకు ఐదో నెల. దవాఖానలో చూపించుకుందామని తనూ బయల్దేరింది. ముందు కూర్చుంటే పెట్రోలు వాసనకు వాంతులు. అందుకని ట్రాలీలో బస్తాల మీద కూర్చుంది. దారిలో టైరు పంచరై, దీపాలు పెట్టే వేళ దాటిపోయింది.

దిగుడు పైకి రాగానే చిన్నాయన వేస్తున్న ఈల ఆగిపోయింది.

కింద, మోరి దగ్గర... ఏదో మెరిసింది.

"ఏమయ్యా," వెనక బస్తాల మీంచి చిన్నమ్మ అరిచింది. "గాడ ఎవరో నిలబడ్డరు."

"చూడకు. కండ్లు మూసుకో."

లైట్ల వెలుగు పడేసరికి ఆ మెరుపు వంద ముక్కలుగా చీలింది. అద్దాలు. ఓణీ. పైకి లేచిన చెయ్యి...

ఆపితే ఎక్కుతుంది. చిన్నాయన యాక్సిలేటర్ తొక్కాడు — అందరూ చేసిందే ఆయనా చేశాడు. బండి దిగుట్లోకి జారింది. వెనక నుంచి ఎవరో నెడుతున్నట్టు ట్రాలీ తోసుకొచ్చింది. బ్రేకు తొక్కితే కాసేపు పట్టి వదిలేసింది. ఇంజను బండిని ఆపడం లేదు, ఊరికే గొణుగుతోంది. ట్రాలీ ఒక పక్కకు ఊగింది... రెండో పక్కకు ఊగింది. చిన్నమ్మ ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. నేను పోతే పోయాను, ఇది బతకాలి దేవుడా అనుకుందట.

ఓణీ పక్కకు తప్పుకోలేదు. బండికి ఎదురుగా ఉరికొచ్చింది.

"లివర్... లివర్ ఎనక్కి గుంజు. గేర్ తగ్గియ్."

మగ గొంతు.

చిన్నాయన చెయ్యి దానంతటదే లివర్ని గుంజింది. గేరు దించాడు. ఇంజను ఒక్క అరుపు అరిచి బండిని పట్టుకుంది. మోరి గోడ ముందు ఆగింది.

ఓణీ మనిషి తూలుకుంటూ వచ్చాడు. చిన్నాయన వైపు చూడనైనా లేదు. తిన్నగా ట్రాలీ దగ్గరికి పోయి తల పైకెత్తాడు.

"మీద ఎవరన్న ఉన్నరా... ఉన్నరా అమ్మా?"

"ఉన్న," అంది చిన్నమ్మ.

ఆ ఒక్క మాటకు అతను చక్రం పట్టుకుని కూలబడిపోయాడు. లోక్యా. ఏ మహారాష్ట్రకూ పోలేదు. పగలు తండాలో కూలి, చీకటి పడితే ఇక్కడ.

"గీ బండి సప్పుడు నాకెర్క," అన్నాడు చిన్నాయనతో. "దిగుట్ల ఇంజనే బండిని పట్టుకోవాలె. గా లివర్ ముందుకుంటే ఎట్ల పట్టుకుంటది? పెట్రోల్ మిగులుతదని నేను గట్లనే పెట్టిన. ట్రాక్టరోళ్లు డీజిల్ కోసం న్యూట్రల్ జేస్తరు, అదీ గంతే... మా చాంద్రి మీద కూసోని పాట పాడుతుండె. నాకు ఇనొస్తుండె. ఇగ... ఇనరాలే."

"మరి ఈ ఓణీ ఏంది లోక్యా?" అడిగాడు చిన్నాయన.

"దానిదే. కందీలు పట్టుకుంటే గాలికి ఆరిపోతుండె. గీ అద్దాలైతే దూరంకెల్లే కనబడతయి. గేర్ తగ్గియ్యుండ్రని చెప్దామని నిలబడుతున్న. ఒక్కడు ఆగడు. నన్ను చూడంగనే ఇంకింత జోరు జేస్తరు. ఎందుకో ఏమో..."

అతనికి నిజంగానే తెలియదు. ఇలాగే జోరుగా దిగే ట్రాలీ మీద ఇంకో ఇంటి పిల్ల ఉంటే ఏమవుతుందోనని చిన్నమ్మే గుండె రాయి చేసుకుని చెప్పింది.

"అన్నా... నిన్ను చూసి చాంద్రి దయ్యమైందనుకుంటున్నరు. గందుకే ఆగకుండ ఉరుకుతున్నరు."

లోక్యా ఓణీ అంచు చేతిలోకి తీసుకుని చూశాడు.

"దయ్యమా?" అన్నాడు. "అది చీమను గూడ తొక్కకపోతుండె అమ్మా."

ఓణీ తీశాడు. అక్కడే రోడ్డు మీద కూర్చుని, అద్దం అద్దానికి రాసుకోకుండా మెల్లగా మడతపెట్టాడు. ఆ మడత దగ్గరికొచ్చేసరికి చిన్నమ్మ ఎప్పుడు చెప్పినా తన కొంగు తీసి అలాగే మడతపెట్టి చూపించేది.

మర్నాడే చిన్నాయన ఆ లివర్ కోయించేశాడు. కనబడ్డ ప్రతి డ్రైవర్నీ పట్టుకుని, అది దయ్యం కాదురా, మన లోక్యా అని చెప్పాడు. వాళ్ళు తలాడించి, "పాపం, లోక్యాకు గూడ ఆ దయ్యం పట్టిందా?" అన్నారు.

లోక్యా మళ్ళీ అక్కడ నిలబడలేదు. దిగుడుకు ఆ పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ చీకటి పడితే లోడు బండ్లు అక్కడ కళ్ళు మూసుకుని జోరుగా దిగుతాయి. మీద ఆడవాళ్ళు, పిల్లలు కూర్చునే ఉంటారు.

ఎదురుగా ఉరికొచ్చి లివర్ గుంజమనేవాడే లేడిప్పుడు. అందుకే ఆ దిగుడంటే... నాకు ఇప్పుడే భయం.