ఇరవై ఒకటో ట్రాక్

ఆ ఉదయం తొమ్మిది గంటలకు శాఖ కార్యాలయంలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో: బల్లకు అవతల చీఫ్, ఎదురుగా ఏజెంట్ ఆరు, అతని పక్కన, ఒళ్లో పనిముట్ల పెట్టెతో, అతని మేనత్త. ఆవిడ గూఢచారిణి కాదు. ముప్పై ఏళ్లుగా ఒక రికార్డింగ్ స్టూడియోలో మెయింటెనెన్స్ ఇంజనీరు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠాలో మనవాళ్లు తొమ్మిది మంది మారుపేర్లతో పనిచేస్తున్నారు. వారి జాబితాను ఎవరో దొంగిలించి, సంకేతధ్వనిగా మార్చి, ఒక పాత డిజిటల్ టేపులో దాచారు. టేపులో ముప్పై రెండు ట్రాకులు. ముప్పై ఒకటింటిలో సంగీతం. ఇరవై ఒకటో దానిలో మాత్రం కీచుమనే రొద. కొనేవాడు దౌత్యవేత్త గనుక అతణ్ణి సోదా చేయడానికి చట్టం ఒప్పదు.

"ఆ టేపు తిప్పగల యంత్రం ఊరు మొత్తానికి మీ అత్తయ్యగారి స్టూడియోలోనే ఉంది" అన్నారు చీఫ్. "పదకొండుకి సరుకు సరిచూసుకోడానికి అక్కడికే వస్తున్నారు. వెంట వచ్చే గాయని డబుల్ ఏజెంట్. మన మనిషే. నువ్వు అసిస్టెంటు వేషంలో ఉండి ఆ ట్రాక్ చెరిపెయ్."

"చెరిపితే నిశ్శబ్దం వినబడుతుంది సార్" మేనత్త అడ్డు తగిలింది. "మరుక్షణం వీడి బుర్రలో తూటా దిగుతుంది. అలాంటి రొదే ఇంకోటి లోపలికి పంపాలి. రికార్డు మీద పెట్టాక ఆ ట్రాక్‌లో పాతది వినబడదు. కొత్తగా ఎక్కేదే వినబడుతుంది."

చీఫ్ ఆవిడను తొలిసారిగా తేరిపార చూశారు. గంట తిరగకముందే టార్చిలైటులో ఇమిడే ప్లేయర్ ఒకటి సిద్ధమైంది. అందులో వేరే తొమ్మిది పేర్లు.

"గాయనికి ఎంతవరకు తెలుసు సార్?" అని అడిగాడు ఏజెంట్.

"నువ్వు వస్తావని, చెరుపుతావని. అంతే."

అసలు జాబితాలో మూడో పేరు మేనత్త కొడుకుది.

బీరువా అంతటి ఆ యంత్రం కంట్రోల్ రూమ్ వెనుక అద్దాల గదిలో ఉంటుంది. దాన్ని నడిపే రిమోట్ మాత్రం కంట్రోల్ రూమ్‌లో, చక్రాల బండి మీద. మేనత్త టార్చిలోని తీగను యంత్రం వెనుక ఇరవై ఒకటో రంధ్రానికి తగిలించి, నూలు గ్లవుజులు తొడుక్కుని నిలబడింది. ఏజెంట్ బూడిదరంగు ఓవరాల్‌లో, అంటించిన మీసంతో రిమోట్ పక్కన చేరాడు; రికార్డు నొక్కడం అతని వంతు.

సరిగ్గా పదకొండుకు వచ్చారు. దౌత్యవేత్త చంకలో టేపు, చేతిలో నల్లని పెట్టె. ఆ పెట్టె విన్న రొదనంతా అక్కడికక్కడే నకలు తీసుకుంటుంది. సంకేతం సరిపోతే పచ్చదీపం వెలుగుతుంది. గాయని పొడవాటి కోటులో, వెన్నెలలా నవ్వుతూ ప్రవేశించింది. "ఏసీ మరీ ఎక్కువగా ఉందే" అని ఆమె అంటే అంతా క్షేమమని గుర్తు.

ఆమె అనలేదు. కోటులోంచి పిస్తోలు తీసింది.

"చేతులు పైకి, డియర్. ఆ రిమోట్‌కి దూరంగా జరుగు." దౌత్యవేత్త వైపు తిరిగింది. "వీడు ఏజెంట్ ఆరు. చెరపడానికొచ్చాడు."

"మీసం చూసినప్పుడే అనుమానం వచ్చింది" అన్నాడు దౌత్యవేత్త. "మరి ఆ పెద్దావిడ?"

"స్టూడియో మనిషి. ఆవిడ లేకపోతే ఆ డొక్కు కదలదు."

మేనత్త టేపు ఎక్కించింది. గాయనే రిమోట్ మీద ప్లే నొక్కింది. రొద మొదలయ్యే లోపు ముప్పై సెకన్ల ఖాళీ. ఏజెంట్ గడియారం ముల్లునే చూస్తున్నాడు. ఇరవై. పది. బావ ముఖం కళ్లముందు మెదిలింది.

హఠాత్తుగా రిమోట్ మీది దీపాలన్నీ ఆరిపోయాయి.

"ఏమిటది?" దౌత్యవేత్త గర్జించాడు.

"నాలాగే ముసలిదైపోయింది బాబూ, దీపాలు పోతుంటాయి" అద్దాల గదిలోంచి మేనత్త విసుక్కుంది. "టేపు తిరుగుతోందిగా? మీకు చప్పుడు కావాలా, దీపాలు కావాలా?"

అంతలోనే రొద మొదలైంది. పెట్టెపై పచ్చదీపం వెలిగింది. నాలుగు నిమిషాల పాటు ఎవరూ కదలలేదు. ఒక్కో కీచుతో ఒక్కో ప్రాణం పోతున్నట్టు ఏజెంట్ కళ్లు మూసుకున్నాడు.

రొద ఆగింది. అతణ్ణి మైకు కేబులుతో కుర్చీకి కట్టారు. చంపుదామంది గాయని. "వద్దు. నా ఉద్యోగానికి శవాలు అచ్చిరావు" అని దౌత్యవేత్త టేపు చంకన పెట్టుకున్నాడు. బయట తాళం పడింది.

"అత్తయ్యా, బావని చంపేశాను" అన్నాడు ఏజెంట్.

"ఏడిశావులే. మీసం ఊడిపోతోంది, ముందు అది చూసుకో" ఆవిడ కట్లు విప్పసాగింది. "రిమోట్ అనేది దూరం నుంచి నొక్కడానికిరా. అసలు మీటలు యంత్రానికే ఉంటాయి. లోకల్‌కి తిప్పాను, రిమోట్ చచ్చింది. ప్లే, రికార్డు రెండూ కలిపి నొక్కాను. వాళ్లు విన్నదీ, పట్టుకుపోయిందీ మన టార్చిలైటే."

"ఎప్పుడు నొక్కావు?"

"మూడు సెకన్ల ముందు. గ్లవుజు జారిందిరా, లేకపోతే ఐదు."

ఆవిడ అప్పుడు కూర్చుంది. గ్లవుజులు ఒక్కొక్కటిగా విప్పి పనిముట్ల పెట్టెలో పెట్టుకుంది.

టార్చిలోని తొమ్మిది పేర్లలో ఎనిమిది ముఠా నాయకులవి. వీళ్లే మనకు అమ్ముడుపోయారని ముఠా ఇప్పుడు నమ్ముతుంది. మొదటి పేరు, చీఫ్ ముందుజాగ్రత్తగా చేర్చినది, గాయనిది; ఆమె మనకూ అమ్ముడుపోయిన మాట మాత్రం అబద్ధం కాదు.

శాఖ దస్త్రంలో చీఫ్ స్వహస్తాలతో రాసిన వాక్యాలు ఇవి: "నిర్ణీత పథకం విఫలమైన సమయంలో, పిస్తోలు ఎదుట, తొమ్మిది ప్రాణాలను నిలబెట్టిన మెయింటెనెన్స్ ఇంజనీరు గారి సాహసకృత్యానికి ఈ శాఖ సగౌరవంగా కృతజ్ఞత నమోదు చేస్తున్నది. పరమ రహస్యమైనందున ఈ ప్రశంసను ఆమెకు చూపరాదు."