సిస్టమ్‌నే ఎత్తుకుపోయారు!

"ల్యాప్‌టాప్ ఉన్నచోటే ఉంది మేడమ్. దాంట్లో ఉన్న సిస్టమ్‌నే ఎవరో ఎత్తుకుపోయారు!"

ఉదయం తొమ్మిదింటికి ఆయాసపడుతూ వచ్చిన లైబ్రేరియన్ కూర్చోకుండానే ఈ మాట అనేసింది. వీధి మొత్తం కళ్లజోడమ్మ అని పిలిచే ప్రైవేటు డిటెక్టివ్ చేతిలో కప్పు కింద పెట్టింది. తపాలా ఆఫీసులో ఇరవయ్యేళ్లు ఉత్తరాలు వేరుచేసి వచ్చిన ఆమె సహాయకుడు అప్పుడే నోట్‌బుక్ తెరిచేశాడు. ఇలాంటి దొంగతనం కోసమే ఆయన ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నాడు.

సంగతి ఇది. పఠనమందిరంలో పన్నెండేళ్లనాటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఆన్ చేస్తే తెరుచుకునేలోపు ఒక కథ చదివేయవచ్చు. రెండు నెలల క్రితం లైబ్రేరియన్ మరిది దానికి తేలికపాటి ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. అంతే, ముసలి ల్యాప్‌టాప్‌కి కాళ్లొచ్చాయి. ఆ ఊపులో ఆమె నాలుగువేల పుస్తకాల జాబితా ఎక్కించింది. ఇవాళ పన్నెండింటికి గ్రంథాలయ కమిటీ వస్తుంది. జాబితా చూపిస్తే మందిరం ఉంటుంది, లేకపోతే మూతపడుతుంది.

"ఇవాళ పొద్దున తెరిస్తే పాత సిస్టమే వచ్చింది. అదే పాత బొమ్మ, అదే నత్తనడక. జాబితా జాడే లేదు!" అంది లైబ్రేరియన్.

వాళ్లు వెళ్లేసరికి పఠనమందిరం తలుపు మీద కొత్త స్వాగతం బోర్డు మెరుస్తోంది. దాని మీద పుస్తకాల అలమరాల పెద్ద ఫొటో ఉంది. లోపల మరిది తల పట్టుకుని కూర్చున్నాడు. హాలు సొంతదారుడైన ఇంటాయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరు, అందరూ బాబాయ్ అని పిలిచే ఆయన, ఏప్రన్ జేబులో చేతులు పెట్టుకుని మూలన ఒదిగి ఉన్నాడు.

కళ్లజోడమ్మ ల్యాప్‌టాప్‌లో లైబ్రేరియన్ పాత ఫొటోలు తెరిచింది. ఒక్కటీ పోలేదు.

"కొత్త సిస్టమ్ ఎక్కడ వేశావు నాయనా?"

"రెండు డిస్కులు చూపించిందండీ. పెద్దదాంట్లో వదిన ఫొటోలున్నాయి, చెరిగిపోతాయేమోనని భయమేసింది. చిన్నది ఖాళీగా ఉంది. ముప్పై రెండు జీబీ. దాంట్లో వేశాను."

"ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ ఏది?"

"ఆ రోజే పీకేశాను. ఇదిగో, నా దగ్గరే ఉంది. జాబితా కాపీ పెట్టుకోమని వదినకి గోరంత పెన్‌డ్రైవ్ ఇంకోటి ఇచ్చాను. అది మొదట్నుంచీ పక్కనే గుచ్చి ఉండేది."

ల్యాప్‌టాప్ పక్కన ఇప్పుడేమీ లేదు.

"రెండో తాళంచెవి మీ దగ్గరే ఉందటగా?" అని కళ్లజోడమ్మ ఇంటాయన వైపు తిరిగింది.

"ఉంది. నిన్న సాయంత్రం ఫ్యాను ఆపడానికి వచ్చాను. హాలు ఖాళీ అయితే బాగుండునని ఉంది, దాచుకోను. అంతమాత్రాన దొంగనైపోతానా?"

సహాయకుడు నోట్‌బుక్‌లో ఇంటాయన అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

"బోర్డు బాగుంది బాబాయ్. ఫొటో ఎవరు తీశారు?" అని అడిగింది కళ్లజోడమ్మ.

"మా కోడలమ్మా. వాళ్ల కంప్యూటర్‌లో ఉంటే, మూలమీద కొట్లో ప్రింటు వేయించాను."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

పదకొండున్నరకి కళ్లజోడమ్మ అందర్నీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

"ఎవరూ సిస్టమ్‌ని చెరపలేదు. అసలది ల్యాప్‌టాప్ లోపలికి వెళ్తే కదా! మరిదిగారు భయపడి ఎంచుకున్న ఆ ఖాళీ డిస్కు, పక్కన గుచ్చిన గోరంత పెన్‌డ్రైవే. రెండు నెలలుగా సిస్టమూ, జాబితా మొత్తం దాంట్లోనే ఉన్నాయి. అది పీకేస్తే పాత సిస్టమ్ లేచి కూర్చుంటుంది. మరి దాన్ని పీకిందెవరు? కోడలి కంప్యూటర్ నుంచి కొట్టుకి ఫొటో మోసుకెళ్లడానికి నిన్న పెన్‌డ్రైవ్ ఎవరికి కావాల్సి వచ్చింది?"

బాబాయ్ ఏప్రన్ జేబులోంచి చెయ్యి తీశాడు. అరచేతిలో గోరంత నల్లముక్క ఉంది.

"ఖాళీదేమో అనుకుని తీసుకెళ్లాను, పొద్దున్నే పెట్టేద్దామనుకున్నానమ్మా. వచ్చేసరికి దొంగ దొంగ అంటున్నారు. నోరు పెగల్లేదు."

"కోడలి కంప్యూటర్ దీన్ని చదవలేక, మొత్తం చెరిపేయమంటావా అని అడిగి ఉంటుంది." కళ్లజోడమ్మ మొదటిసారి కుర్చీలోంచి ముందుకి వంగింది. "ఏం నొక్కారు బాబాయ్?"



"కోడలు సరే అని నొక్కబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల ఏముందో చూడకుండా అంచు కోయడం మా పనిలో లేదు కదమ్మా. పీకేసి, ఫొటో మెయిల్లో పంపించాం."

మరిది పెన్‌డ్రైవ్ గుచ్చి బటన్ నొక్కాడు. నల్లటి తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. నీలం రంగు తెర వచ్చింది, దాని మీద జాబితా. లైబ్రేరియన్ గట్టిగా నవ్వేసి, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. సహాయకుడు ఇంటాయన పేరు కొట్టేసి, సిగ్గుపడుతూ ఆయనకి కుర్చీ జరిపాడు.

సరిగ్గా పన్నెండింటికి కమిటీ పెద్దాయన లోపలికొచ్చి, చిన్నప్పుడు తను చదివిన పుస్తకమొకటి అడిగాడు. లైబ్రేరియన్ టైపు చేసేలోపే తెర చెప్పేసింది: మూడో అలమర, రెండో అర. పుస్తకం ఆయన చేతికిచ్చింది.

ఆయన అట్ట నిమిరి చూశాడు. "ఇది ముక్కలై ఉండేదే! ఎవరు కుట్టారు దీన్ని?"

అందరూ ఒకవైపే తిరిగి చూశారు. బాబాయ్ మెల్లిగా చెయ్యెత్తాడు.

"మందిరాన్ని కొనసాగించండి," అన్నాడు పెద్దాయన, పుస్తకం తెరుస్తూ.