ఏం లేదండీ

గంగవలస మండలంలో నూటికి తొంభై ఆరుగురికి ఏ సమస్యా లేదని రిపోర్టు వచ్చింది. ఇంత సుఖపడుతున్న జనాన్ని కళ్ళారా చూద్దామని డాక్టర్ ముక్తేశ్వరం రాజధాని నుంచి పనిగట్టుకుని వచ్చాడు. చూస్తే ఆఫీసు వరండాలో నిలబడడానికి చోటు లేదు.

సంస్కరణల చట్టం వచ్చాక అక్కడ అధికారులు లేరు. గోడకు శ్రోత అనే యంత్రం ఉంది. ఎవరేం చెప్పినా విని పదకొండు సెకన్లలో ఉత్తర్వు ఇస్తుంది. వెనకటి దొరలు జనాన్ని గంటలకొద్దీ నిలబెట్టారన్న కోపంతో, మొదటి వాక్యంలోనే విషయం పట్టేసేలా దాన్ని తయారుచేసింది ముక్తేశ్వరమే. సిఫార్సులు చెల్లకూడదని, తనతో సహా ఎవరూ వేలు పెట్టకుండా తాళం వేసిందీ ఆయనే. ఒక విషయం మీద నెలకు ఒక్కసారే చెప్పుకోవాలి.

గొర్లె పైడితల్లి వంతు వచ్చింది.

"మీ సమస్య చెప్పండి," అంది శ్రోత.

"ఏటీ నేదు బాబూ..." అని ఆమె కొంగు సర్దుకుని, "నా ఇల్లు కాలవలో ఉన్నట్టు మేపులో..."

"చాలా సంతోషం. సమస్య లేదని నమోదు చేశాం."

ముక్తేశ్వరం ఆమెను పక్కకు పిలిచాడు. మూడు నెలలుగా ఇదే తంతు. సర్కారు మ్యాపులో తప్పు పడినందుకు సోమవారం ఇల్లు పడగొడతారు.

"ఏమీ లేదని ఎందుకన్నారమ్మా?"

"పెద్దోల ముందర గబుక్కున అడిగేత్తే బాగుంటాదేటి బాబూ?"

ఆయనకు సిగ్గేసింది. శ్రోతకు ఉత్తరాంధ్ర యాస దగ్గరుండి నేర్పించాడు గానీ ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. యంత్రంలో లోపం ఉందని ప్రభుత్వానికి చెప్పుకునే హక్కు ఆయనకుంది. కాకపోతే ప్రభుత్వం తరఫున వినేదీ శ్రోతే.

చెప్పాల్సిన వాక్యం మనసులో రెండుసార్లు అనుకుని వెళ్ళి నిలబడ్డాడు. తెర మీద రాజముద్ర వెలిగింది. ఇరవై రెండేళ్ళ సర్కారు నౌకరీ ఆయన నడుమును కాస్త వంచింది.

"మీ సమస్య చెప్పండి, డాక్టర్ గారూ."

"ఏం లేదండీ, చిన్న విషయం..."

"చాలా సంతోషం. సమస్య లేదని నమోదు చేశాం."

వరండాలో ఎవరూ నవ్వలేదు. పైడితల్లి బెంచీ మీద జరిగి ఆయనకు చోటిచ్చింది.

"మీకూ వచ్చే నెలేనా బాబూ?" అంది. సోమవారంలోగా సామాన్లు బయట పెట్టుకోవాలంటూ లేచి వెళ్ళిపోయింది.