ముట్టకూడని రాయి

"తొమ్మిది పేర్లు," అంది ఉలులాని అత్త. "శత్రుదేశంలో పనిచేస్తున్న మనవాళ్లవి. అన్నీ ఒక్క చిప్‌లో ఉన్నాయి. తొమ్మిదో పేరు మీ అక్కదిరా."

హనాలే కెకోనా కాఫీ కప్పు కింద పెట్టాడు. రహస్య శాఖలో అతను ఏజెంట్ 14, ఆవిడ చీఫ్. మా దీవిలోని హిలో ఊళ్లో అందరికీ తెలిసినంతవరకు అతనొక టూరిస్టు హెలికాప్టర్ పైలట్.

"ఎవరి దగ్గరుంది?"

"వెరీనా దగ్గర. మనకీ పనిచేస్తుంది, వాళ్లకీ పనిచేస్తుంది. పదింటి ట్రిప్పులో నీకిస్తానంటోంది."

"థూ! దాని మాట నమ్మాలా?"

"నమ్మమని ఎవరన్నార్రా? కనిపెట్టుకుని ఉండు. చిప్ చెయ్యి దాటిందా, సాయంత్రానికి మీ అక్క ఉండదు."

పదింటికి ప్రయాణికులను కాటా ఎక్కించారు. హెలికాప్టర్‌లో ఎవరి సీటు ఎక్కడన్నది బరువే చెబుతుంది. వెరీనా కాగితంలో యాభై ఎనిమిది కిలోలని రాసింది. కాటా అరవై ఏడు చూపించింది.

"సంచిలో రాయుంది," అంది సిగ్గుపడుతూ. ఆకులో చుట్టిన నల్లరాయి. "పోయినేడు ఇక్కడ ఎత్తుకెళ్లాను. అప్పట్నించీ అన్నీ కష్టాలే. ఈ అగ్నిపర్వతం దేవత పెలే అమ్మవారికి తిరిగిచ్చేస్తాను."

కాటా దగ్గరి అమ్మాయి గబుక్కున వెనక్కి జరిగింది.

అగ్నిపర్వతం నోటి మీదికి రాగానే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. వెనక సీట్లోని లావుపాటి ఆసామి సంచిలో భళ్లున కక్కుకున్నాడు. ఆ రెండిటికంటే వెరీనా పూసుకున్న సెంటే హనాలేకు ఎక్కువ రోత పుట్టించింది.

నల్లరాతి మైదానంలో దిగారు. జనం తిరిగి తెచ్చిన రాళ్లన్నీ అక్కడ ఒక గట్టు మీద ఉంటాయి. వెరీనా తన రాయి పెట్టి, దణ్ణం పెట్టి, రెండు కన్నీటి చుక్కలు కూడా రాల్చింది. తర్వాత హనాలే చెవిలో గుసగుసలాడింది.

"చిప్ ఆ లావాయన బూటులో ఉంది. వెళ్లు!"

నాలుగడుగులు వేశాడు. కాలిబాట మీంచి ఎదురుగా పూల చొక్కా, మెడలో గింజల దండ వేసుకున్న పెద్దమనిషి వచ్చాడు.

"అలోహా తమ్ముడూ!" అంటూ దాటిపోయాడు. అచ్చం మా దీవివాడిలాగే ఉన్నాడు.

హనాలే వెనక్కి తిరిగి చూశాడు. ఆ పెద్దమనిషి గట్టు మీది రాయి చేతిలోకి తీసుకున్నాడు!

మా దీవిలో పుట్టినవాడెవడూ తిరిగొచ్చిన రాయిని కర్రతో కూడా కదపడు. ఎత్తుకెళ్లినవాడి దరిద్రమంతా దానికి అంటుకునే ఉంటుంది.

అప్పటికే వాడు రాయి మూత తిప్పి, చిప్ తీసి, ఫోనులో దూర్చాడు. 'పంపు' మీదికి వేలు వెళ్తోంది. హనాలే తలమీది హెడ్‌ఫోన్ పీకి విసిరాడు. ఫోను ఎగిరి రాళ్ల మీద పడింది. వాడి దవడ మీద ఒక్కటిచ్చాడు, వాడు మళ్లీ లేవలేదు.

వెరీనా హెలికాప్టర్ వైపు పరుగెత్తింది. తలుపుకు అడ్డంగా లావాయన నిలబడి రెండో విడత కక్కుతున్నాడు, సరిగ్గా ఆవిడ తెల్లబూట్ల మీద. జారి పడింది. హనాలే ముక్కు మూసుకుని బేడీలు వేశాడు.

రాయి బోలుది, ప్లాస్టిక్‌ది. అరకిలో కూడా తూగదు. ఆ తొమ్మిది కిలోలూ ఆవిడవే.

చిప్ అత్త చేతికిచ్చి, హనాలే ఏడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

"అక్క క్షేమమేరా," అంది అత్త. "మరి ఆ రాయేది?"

"వాళ్ల రాయబారికి పోస్టులో పంపించేశానత్తా. చీటీ కూడా పెట్టాను."

"ఏమని?"

"'పొరపాటున మీ రాయి మా దగ్గరికొచ్చింది. అప్పట్నించీ అంతా దరిద్రమే. దయచేసి తిరిగి తీసుకోండి' అని."