విశ్వేశ్వరరావు గారి తువ్వాలు

"నా గళ్ళ తువ్వాలు ఏదే?"

శనివారం పొద్దున్నే విశ్వేశ్వరరావు మొదలుపెట్టాడు. మణికొండలోని ఆ ఫ్లాట్‌లో నెల రోజులుగా ఇదే గొడవ.

"బీరువాలో బోలెడున్నాయి. ఆ ఒక్కదాని మీదే ప్రాణమేమిటండీ?" అంది అమ్మణ్ణి వంటింట్లోంచి.

"అది ఒళ్ళు బాగా తుడుస్తుంది."

"దాంతో నాకు పని పడింది. నితీష్ మన బాల్కనీలో పెట్టిన పెట్టెకి కప్పాను. ఎదురుగా కట్టే బిల్డింగ్ దుమ్మంతా దాని మీదే పడుతోంది. పాపం, ఖరీదైన మిషను!"

కాఫీ తాగుతున్న కూతురు ఉమాశ్రీకి పొలమారింది. వంటింటి బాల్కనీలోకి పరుగెత్తింది. గాలిలో దుమ్ము కొలిచే పెట్టె, జలుబు చేసిన ముసలాయనలా నిండా తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

"అమ్మా! అది దుమ్ము కొలిచే మిషనే!"

"అదే నేనూ అంటున్నాను. దుమ్ము పట్టి పాడైపోతే ఎలా కొలుస్తుంది?"

విశ్వేశ్వరరావు ఫక్కున నవ్వాడు. ఉమాశ్రీకి నవ్వు రాలేదు. ఈ గాలిలో ఎంత దుమ్ముందో అంతే దుమ్మును ల్యాబ్‌లో ఎలుకల చేత పీల్పించి, వాటి ఊపిరితిత్తులు ఏమవుతాయో చూడటం ఆమె పరిశోధన. సోమవారం నుంచే మొదలు. రీడింగులు నేరుగా ఫోన్‌కే వస్తాయి కనుక ఎవరూ పెట్టె ముఖం చూడలేదు. "మీ గల్లీ గాలి ఊటీ లెక్కుంది మేడమ్" అని నితీష్ మురిసిపోతే, తనూ నమ్మేసింది.

నితీష్‌ది చందానగర్. హైటెక్ సిటీలో ఇలాంటి పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరు. ఇద్దరూ ఏడాదిగా కలిసి పనిచేస్తున్నారు. ఎలుకను పట్టుకునే ముందు ఆమె అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకోవడం చూసినప్పటి నుంచి, ఆమెతో మాట్లాడాలంటే అతను తడబడుతున్నాడు. ఆ తడబాటు ఆమెకిష్టం. కానీ రేపు తెల్లాపూర్ నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. వాళ్ళను వద్దనాలంటే, ఈ మనిషి ఎలాంటివాడో తనకు గట్టిగా తెలియాలి.

ఫోన్ చేయగానే నితీష్ వానలో తడుస్తూ వచ్చేశాడు. బాల్కనీలో పెట్టెను చూసి బిత్తరపోయాడు.

"అంటే నెలంత నేను అంకుల్ తువ్వాలును కొలిచిననా?"

"పక్క అపార్ట్‌మెంట్‌లో పెట్టిన పెట్టె రీడింగులు వేసేద్దామా? ఎవరికీ తెలియదు."

అతనేమంటాడో చూద్దామనే అడిగింది ఉమాశ్రీ. సోమవారం రిపోర్టు ఇస్తేనే అతనికి టీమ్ లీడ్ పోస్టు; లేకపోతే అది తోటి ఇంజనీరు అఖిలకి పోతుంది.

"ఎలుకలకు తెలుస్తది మేడమ్" అన్నాడతను. "తప్పు లెక్క కోసం వాటి పానం తీసుడెందుకు?"

అక్కడే నిలబడి బాస్‌కి ఫోన్ చేశాడు.

"సార్, మణికొండ రీడింగులన్నీ తీసేయుండ్రి. తప్పు నాదే. దాని మీద ఏం కప్పొద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పలే... పోస్టు అఖిలకియ్యుండ్రి సార్, ఫికర్ లేదు."

ఉమాశ్రీకి కావలసిన జవాబు దొరికింది. తడబడే మనిషి, ఈ ఒక్క మాట దగ్గర తడబడలేదు.

వెనకాల అమ్మణ్ణి అంతా వింది. "తప్పు నాదైతే నీ మీదేసుకున్నావేం బాబూ? ముందు తల తుడుచుకో" అంటూ ఆ తువ్వాలే అందించింది.

"వద్దాంటీ, ఇది శాంపిల్! నెల దుమ్మంత దీంట్లనే ఉంది." అతను దాన్ని భద్రంగా కవర్‌లో పెట్టుకున్నాడు.

భోజనం చేయనిదే కదలనివ్వలేదు అమ్మణ్ణి. దొండకాయ వేపుడు వడ్డిస్తుంటే ఉమాశ్రీ గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఎలుకల పని నెల వాయిదా. మళ్ళీ మొదటి నుంచి కొలుస్తాం."

"మంచిదమ్మా."

"తెల్లాపూర్ వాళ్ళని కూడా రావద్దని చెప్పండి."

"వాళ్ళకీ నెల వాయిదానా?"

"వాళ్ళకి వాయిదా లేదు. నేను నితీష్ గారిని చేసుకుంటాను. ఆయనకి ఇష్టమైతే."

నితీష్ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఈ రీడింగ్ క... కరెక్టేనా మేడమ్?"

"ఈసారి ఏ తువ్వాలూ కప్పలేదు."

విశ్వేశ్వరరావు భార్య వైపు చూశాడు. ఆమె తలొంచుకుని నెయ్యి గిన్నె అందుకుంది.

"అంతా బాగానే ఉంది. నా తువ్వాలు మాటేమిటి?"

"కొత్తది తెస్తనంకుల్!"

"ఒట్టి తువ్వాలేమిటి బాబూ?" అమ్మణ్ణి అతని అన్నంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది. "మామగారికి పంచెల చాపు తేవాలి."