వెనక్కి నడిచిన రంగులు

ప్రయోగశాల గోడ మీద తిరుగుతున్న నీలిరంగు సుడి మెల్లగా విచ్చుకుంది. వంకర్లు పోయాయి, మసక పోయింది. చివరికి అక్కడ మిగిలింది దండెం మీద ఆరేసిన ఒక పాత తువ్వాలు ఫోటో.

"మామూలు కంప్యూటర్‌లో ఫోటోకి బ్లర్ కొడితే అసలు బొమ్మ పోతుంది. మజ్జిగలోంచి మళ్లీ పాలు రావు కదా," అంది డాక్టర్ వరూధిని. "ఈ గోడకి పూసిన నా పూతలోని ప్రతి రేణువూ తన మొదటి రంగు గుర్తుపెట్టుకుంటుంది. మీట నొక్కితే వచ్చిన దారినే వెనక్కి నడుస్తుంది. డిజైనర్ పొరపాటు దిద్దుకోవాలంటే పనికొస్తుంది."

పొరపాటు దిద్దడం కాదు, ఎదురుగా నిలబడి చూస్తున్న డిజైనర్ హైమకి కావలసింది సాక్ష్యం.

నగరాలు మరపు మీదే నిలబడతాయి. రెండేళ్ల కిందట సాగరపురి కమిషనర్ భార్గవరామ్ రేవుగుంటలో నూట పది ఇళ్లను ఒక్క పూటలో నేలమట్టం చేయించి, ఆ నేల చుట్టూ మూడు కిలోమీటర్ల గోడ కట్టించాడు. ఇప్పుడు దానికి వరూధిని చేసిన ఈ కొత్త పూత పూసి అలంకరించే పని హైమ పనిచేసే ఫ్లెక్స్ షాపుకి వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ కంటికి హాయిగా ఉండాలనీ, అందులో ఏ అర్థమూ ఉండకూడదనీ కమిషనర్ కబురు పంపాడు. అర్థం లేని అందం! దోచుకున్నవాడికి ఎప్పుడూ కావలసింది అదే.

ఆ కూల్చివేత నాటి ఫోటో ఒకటి హైమ దగ్గర భద్రంగా ఉంది. తనని పెంచిన పెద్దమ్మ నూకాలు ఇల్లు కూల్చొద్దని కమిషనర్ కాళ్లు పట్టుకుంటే, అతను ఫోన్ చూసుకుంటూ నవ్వుతున్నాడు. పత్రికలు వేయని ఫోటో. ఆ నవ్వుని ఊరంతా చూడాలి. చరిత్ర క్షమించదు అని గోడల మీద రాసినవాళ్లంతా వెళ్లిపోయారు, సరే, ఈసారి గోడే చెబుతుంది.

ఎనిమిదేళ్లుగా చేతికి అలవాటైన పద్ధతిలో ఆ ఫోటోలోంచి ఒక ముక్క కోసింది. ట్విర్ల్ ఫిల్టర్‌తో మెలితిప్పింది, బ్లర్ కొట్టింది, అద్దంలో లాగా నాలుగు వైపులా తిప్పి అతికించింది. నారింజ, ఆకుపచ్చ రంగుల్లో పెద్ద పువ్వు పూసింది. ఆ పువ్వుని గోడ పొడవునా వెయ్యిసార్లు పరిచింది. కమిషనర్ చూసి, చాలా ప్రశాంతంగా ఉందన్నాడు.

ప్రారంభోత్సవం పొద్దున పది గంటలకి. హైమ పెద్దమ్మని ముందు వరసలో కూర్చోబెట్టి, "ఆడి మొహం అందరికీ సూపిత్తాను, సూడు," అని మీట నొక్కింది.

మూడు కిలోమీటర్ల పూలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. జనం నోళ్లు తెరిచారు. హైమ మాత్రం ముక్క ముక్కలోనూ ఆ నవ్వు కోసం వెతికింది.

ప్రతి ముక్కలోనూ నారింజ చీరలో నూకాలు. తడిసిన మొహం, చాచిన చేతులు, ఆ చేతుల్లో ఒక జత నల్ల బూట్లు, మోకాలి దాకా తెల్ల ప్యాంటు. ఆ పైన ఏమీ లేదు. తెలుపుకి ఎన్ని ఫిల్టర్లు వేసినా బూడిదరంగే వస్తుందని, ఫ్లెక్స్ పనివాళ్లు రంగున్న మేరకే కోసుకుని తక్కింది పారేస్తారు. ఆ ఫోటోలో కమిషనర్ నిలువెల్లా తెల్లబట్టల్లో ఉన్నాడు. ఆలోచించకుండానే, తన చేత్తోనే, అతని తల కోసి అవతల పారేసింది హైమ.

భార్గవరామ్ మొహం మొదట పాలిపోయింది. గోడని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెతికాడు. తను ఎక్కడా లేడు. మైకు అందుకున్నాడు.

"ఊరవతల గూడు ఇచ్చిన ప్రభుత్వానికి ఈ తల్లి చెప్పుకున్న కృతజ్ఞత ఇది. నా కళ్లు చెమరుస్తున్నాయి."

చప్పట్లు మోగాయి. ఎవరో నూకాల్ని గుర్తుపట్టి సెల్ఫీకి వంగారు. కమిషనర్ మనిషి ఒకడు వచ్చి, బొమ్మ ఇలాగే ఉంచమన్నారమ్మా అంటూ హైమ చేతిలోని మీట మర్యాదగా తీసుకుపోయాడు.

నూకాలు కొంగు మొహం మీదికి లాక్కుంది.

"ఒలమ్మీ, నాను ఆడి కాళ్లమీద ఒక్కపాలే పడ్డాను," అంది. "నువ్వు నన్ను మూడు కిలోమీటర్లు పడీసినావు."

బస్టాపు గోడకి ఆ చివర ఉంది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు.