తుఫాను రోజు శుభోదయం

“రెండు పుపూసాలు. చీజ్ వద్దు.”

ఎల్ సాల్వడార్ తీరంలో పుపూసాకి, అంటే లోపల కూరిన మొక్కజొన్న రొట్టెకి, చీజ్ వద్దనే మనిషి ఉండడు. అందుకే అది కోడ్. పక్క బండి దగ్గర ఐసు గీరుతున్న పోలీసు ఏజెంట్ ఎవేలియో తలెత్తాడు. టూరిస్టు టోపీ కింద చీఫ్ సెలయా నిలబడి ఉంది.

“పన్నెండింటికి ఓటింగ్ ముగుస్తుంది,” అందావిడ పెదవి కదపకుండా. “‘సై’ గెలిస్తే ఈ ఊరివాళ్ళు గరోబో అనే క్రిప్టో కాయిన్‌లో దాచిన ఉమ్మడి నిధంతా కొత్త వాలెట్‌లోకి, అంటే వేరే ఖాతాలోకి పోతుంది. అది విదేశీ ముఠాదని సమాచారం. ఇక్కడ వాళ్ళ మనిషెవరు?”

“ఇవోన్.”

“ఆధారం?”

ఎవేలియో దగ్గర ఆధారం లేదు, అసూయ ఉంది. ఆర్నెల్లుగా అతను గరోబో అభిమానుల్లో ఒకడిగా మారువేషంలో ఉన్నాడు. చేపలు పట్టేవాళ్ళు, పుపూసాలు కాల్చేవాళ్ళు, రెండు వందల ఇళ్ళవాళ్ళు. జీతం భత్యం లేకుండా కొత్తవాళ్ళకు కాయిన్ వాడటం నేర్పుతారు, దాన్నెవరైనా ఒక్క మాటంటే మీద పడి రక్కుతారు. పొద్దున్నే వాళ్ళ ఫోను గ్రూపులో మొదటి శుభోదయం ఎవరిదైతే ఆ రోజుకు వాళ్ళే రాజు. నాలుగు నెలలు ఎవేలియోదే రాజ్యం. తర్వాత సర్ఫింగ్ నేర్పే ఇవోన్ దిగింది, ఎర్ర లిప్‌స్టిక్‌తో, అద్దం పగిలిన ఫోనుతో. అప్పట్నుంచి ఆమె శుభోదయానికి మూడు వందల లైకులు, అతనిదానికి మూడు. అతని కడుపు మండిపోయేది. కొత్త వాలెట్ మాట ఆమె ఎత్తగానే అందరూ కళ్ళు మూసుకుని సై అన్నారు.

“నీది వట్టి కుళ్ళు,” అంది చీఫ్.

“కుళ్ళే మేడమ్! తుఫానుకి టవర్ కూలి తీరమంతా సిగ్నల్ పోయిన రోజు, ఆమెకంటే ముందు పెట్టాలని వానలో కొండెక్కాను. అవతలి ఊరి సిగ్నల్ అందేసరికి ఆమెది అప్పటికే ఉంది. ‘బీచ్ నుంచి శుభోదయం’ అట...”

ఠక్కున ఆగాడు. ఇన్నాళ్ళూ ముందెవరన్న మంటే గానీ, సిగ్నల్ లేని బీచ్ నుంచి ఎలా పెట్టిందన్న ప్రశ్నే రాలేదు.

“శాటిలైట్ ఫోన్,” అంది చీఫ్. “సర్ఫింగ్ నేర్పే పిల్లకి ముఠా ఇవ్వందే అదెక్కడిది? పరిగెత్తు.”

పదకొండూ యాభై రెండు. అభిమానులకు పెద్దదిక్కు తొమాసా, పెనం ముందు పిండి తడుతోంది.

“తొమాసక్కా! ఓట్లు మార్పించు. ఇవోన్ దొంగ!”

“మళ్ళీ మొదలెట్టావా? ఆ పిల్లని చూస్తే నీకు నిద్ర పట్టదేం?”

“పట్టదు. సరే, తుఫాను రోజు నీ ఫోను పనిచేసిందా?”

“ఎక్కడ! రెండ్రోజులు చచ్చిపడుంది.”

“మరి ఆ రోజే బీచ్ నుంచి ఆమె పెట్టింది చూడు. ముఠావాళ్ళ శాటిలైట్ ఫోన్ లేందే కుదరదు.”

తొమాసా పిండిచేత్తోనే ఫోనులో గ్రూపుని తుఫాను రోజు దాకా వెనక్కి జరిపి చూసింది. మొహం పెనంకన్నా ఎర్రబడింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని అరిచింది. “ఏమర్రా, అందరూ వద్దని నొక్కండి! ఇవోన్ మనకి టోపీ పెట్టింది!”

పడవల్లోంచి, పొయ్యిల దగ్గర్నుంచి ఓట్లు తిరగబడ్డాయి. ఇరవై సెకన్లు మిగిలుండగా ‘వద్దు’ పదకొండు ఓట్లతో గెలిచింది. చీఫ్ మనుషులు ఇసుకలోనే ఇవోన్ చేతులకు బేడీలు వేశారు. సర్ఫ్ బోర్డు డొల్లలో శాటిలైట్ ఫోన్ దొరికింది.

మర్నాడు తెల్లవారగానే మొదటి శుభోదయం ఎవేలియోదే. రెండు లైకులొచ్చాయి, ఒకటి తొమాసాది, ఒకటి చీఫ్‌ది. దాని పైన మూడు వందల పన్నెండు లైకులతో ఇవోన్ తుఫాను రోజు శుభోదయం కదలకుండా కూర్చుంది. అది కోర్టుకి సాక్ష్యమట, కేసు తేలేదాకా గ్రూపులో అన్నిటికన్నా పైన ఉంచాలని చీఫ్ ఆర్డరు.